ఒకే పెట్టె మూడుసార్లు

ఆ దుకాణానికి తలుపు ఒకటే, లోపల వ్యాపారాలు రెండు. మధ్యలో ఒక పాత దుప్పటి తెరలా వేలాడుతుంటుంది. తెరకు ఇటువైపు భార్య చిరిగిన బట్టలు బాగుచేస్తుంది. అటువైపు భర్త చెడిపోయిన కరెంటు సామాన్లు బాగుచేస్తాడు. అతన్ని వీధిలో చిన్నా పెద్దా అందరూ మీటరు మామయ్య అనే పిలుస్తారు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు మీటరు తీసి, దాని రెండు మొనలూ ఆనించి, ముల్లు ఎటు కదిలిందో చూడందే నోరు విప్పడు. "నాకు జ్వరమొస్తే చెయ్యి పట్టుకు చూడరు, మీటరు పెట్టి చూస్తారు" అని భార్య నలుగురిలో ఆటపట్టిస్తుంటుంది.

మామయ్యకు మనుషుల ముఖాలు గుర్తుండవు. కానీ తాను విప్పిన వస్తువు మాత్రం చచ్చినా మర్చిపోడు. ఎక్కడ ఏ తీగ మార్చాడో, ఏ టంకం ఎలా పెట్టాడో ఏళ్ళ తర్వాత అడిగినా చెబుతాడు. టంకం చుక్క దస్తూరీ లాంటిదని, తన చుక్కని లక్ష చుక్కల్లో పోల్చుకోగలనని అతని నమ్మకం. ఆ నమ్మకమే ఆ ఏడాది అతన్ని ముప్పుతిప్పలు పెట్టింది.

రెండు వీధుల అవతల, వాన వచ్చినా రాకపోయినా గొడుగు చంకన పెట్టుకు తిరిగే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అందరికీ ఆయన గొడుగాయన. ఒకనాటి ఉదయం ఆయన దుకాణానికి వచ్చి, గుడ్డసంచిలోంచి ఇటుకంత నల్లటి ఇనప పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టెకు ఒక పక్క గోడ ప్లగ్గులోకి పోయే లావు తీగ, ఇంకో పక్క సన్నటి తీగ ఉన్నాయి.

"ఏమిటి బాబాయిగారూ ఇది?"

"కీబోర్డు తాలూకుదయ్యా. పాటలు వాయించేది ఉంటుందే, దానికి కరెంటు ఇచ్చే పెట్టె. నిన్నటిదాకా బాగానే ఉంది. ఇవాళ ఉలకదు, పలకదు."

"మీ ఇంట్లో ఎవరు వాయిస్తారు?"

గొడుగాయన గొడుగుని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "ఎవరో ఒకరు వాయిస్తారు. వాయించేవాళ్ళతో నీకేం పని? పెట్టె సంగతి చూడు."

మామయ్య మరి అడగలేదు. మరలు విప్పి మూత తీయగానే మాడిన లక్క వాసన గుప్పున కొట్టింది. ఆ వాసనకి సగం సంగతి తెలిసిపోయింది, కానీ సగంతో ఊరుకునే మనిషి కాదు. ముందు ఫ్యూజు చూశాడు. ఫ్యూజు నిక్షేపంగా ఉంది. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్. దాని మీద చుట్టిన పసుపుపచ్చ టేపు గోధుమరంగుకు తిరిగి, అంచుల్లో పొక్కింది. గోడ కరెంటు వచ్చే వైపు తీగచుట్టకు మీటరు ఆనించాడు. ముల్లు కదల్లేదు. అంటే లోపల ఎక్కడో తెగిపోయింది. అవతలి వైపు చుట్ట బాగానే ఉంది.

అక్కడితో పని అయిపోయినట్టు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఊరికే చావదు, దాని వెనక ఉన్నది ఏదో దాని పీక నొక్కి చంపుతుంది. అందుకని డయోడ్లు ఒక్కొక్కటే చూశాడు. కెపాసిటర్‌ని కాళ్ళు ఊడదీసి చూశాడు. అన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. కాసేపు గడ్డం గోక్కున్నాడు. వెనక తప్పు లేదు, ముందు ఫ్యూజు పోలేదు. మరి మధ్యలో ఇదెందుకు మాడినట్టు?

"వయసైపోయి ఉంటుంది" అని తనకు తానే చెప్పుకుని, అదే కొలతల ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలోంచి తీసి బిగించాడు. టంకాల మీద, తీగకి తీగ తగలకుండా, ఆకుపచ్చ గొట్టాలు తొడిగాడు. గోడ కరెంటుకీ పెట్టెకీ మధ్య పెట్టే సీరిస్ బల్బుకి తగిలించి చూశాడు. బల్బు కాస్త మినుకుమని ఊరుకుంది, అంటే లోపల షార్టు లేదు. సాయంత్రం దాకా కరెంటు లాగే లోడు తగిలించి నడిపించినా పెట్టె గోరువెచ్చగానే ఉంది. గొడుగాయన వచ్చి పట్టుకుపోయాడు. పాత భాగం ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యడం మామయ్య పద్ధతి, మాడిన ట్రాన్స్‌ఫార్మర్ కూడా సంచిలో వేసి పంపాడు.

వారం తిరగకుండానే గొడుగాయన మళ్ళీ వచ్చాడు. అదే గుడ్డసంచి. అదే నల్ల పెట్టె.

"మళ్ళీ పోయిందా?" మామయ్య గొంతులో కొంచెం నామోషీ ధ్వనించింది.

"పనిచెయ్యట్లేదయ్యా" అన్నాడు గొడుగాయన, మళ్ళీ అనే మాట మాత్రం ఎత్తకుండా.

మామయ్య మూత విప్పాడు. విప్పి, స్క్రూడ్రైవర్ అలా గాల్లోనే పట్టుకుని ఉండిపోయాడు.

లోపల తాను బిగించిన కొత్త ట్రాన్స్‌ఫార్మర్ లేదు. ఆకుపచ్చ గొట్టాలు లేవు. గోధుమరంగుకు తిరిగిన టేపుతో ఆ పాత ట్రాన్స్‌ఫార్మరే, మాడినదే, తీసేసి సంచిలో వేసి పంపినదే, పెళ్ళికొడుకులా మధ్యలో కూర్చుని ఉంది. టంకాలు చూశాడు. తనవి కావు. కంపెనీలో పెట్టిన టంకాలు, ఏళ్ళనాటి దుమ్ము పట్టి, ఎవరూ ముట్టుకోనట్టున్నాయి.

"బాబాయిగారూ, ఇది మొన్న నేను బాగుచేసిచ్చిన పెట్టేనా?"

గొడుగాయన కప్పు వైపు చూశాడు. "నేను తెచ్చిన పెట్టె ఇది."

"అదికాదండీ. మొన్న తెచ్చిందీ ఇదీ ఒకటేనా అని."

"పెట్టెలన్నీ ఒకలాగే ఉంటాయి కదయ్యా. బాగవుతుందా, కాదా? అది చెప్పు."

"మొన్న నేను పాత భాగం మీకిచ్చాను కదా, దాన్ని ఎవరైనా మళ్ళీ లోపల పెట్టారా?"

"మా ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టడం ఎవరికొచ్చు? బల్బు మార్చడానికే నలుగురం కావాలి." అలా అని గొడుగాయన నీళ్ళు నమిలి, సాయంత్రం వస్తానని గొడుగు ఊపుకుంటూ జారుకున్నాడు.

మామయ్య బల్ల ముందు బొమ్మలా కూర్చున్నాడు. తాను మార్చాడా, మార్చాననుకున్నాడా? వేళ్ళకి గుర్తుంది, టంకం చల్లారకముందే ఆకుపచ్చ గొట్టం తొడగబోతే చూపుడువేలు కాలింది. వేలు చూసుకున్నాడు. కాలిన మచ్చలు నాలుగైదు ఉన్నాయి, అందులో ఏది ఎప్పటిదో ఎవరు చెప్పగలరు?

"ఇదిగో" అని తెర పక్కకి జరిపాడు. "మొన్న గొడుగాయన పెట్టెలో నేను ట్రాన్స్‌ఫార్మర్ మార్చానా?"

భార్య సూదిలో దారం ఎక్కిస్తోంది. "ఏదో టంకం పెట్టారు. పొగొచ్చింది. మీరు పెట్టేది ట్రాన్స్‌ఫార్మరో, తాటికాయో నాకేం తెలుసు?"

"కొత్తది మార్చానని నీకు చెప్పానా?"

"మీరు రోజూ ఏదో ఒకటి మార్చాననే చెబుతారు." అని నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది. "ఏమైందండీ?"

"ఏం లేదు" అని తెర మూసేశాడు.

ఏం లేకపోలేదు. మామయ్యకు ఒక అన్నయ్య ఉండేవాడు. చేతిగడియారాలు బాగుచేసేవాడు. చీమ కాలంత చక్రాన్ని కూడా కంటికి అద్దం పెట్టుకుని కూర్చోబెట్టగల మనిషి. సరిగ్గా మామయ్యకు ఇప్పుడున్న ఈడులోనే ఒకనాడు, బాగుచేసి ఇచ్చేసిన గడియారం కోసం దుకాణమంతా వెతికాడు. ఆ తర్వాత బాగుచెయ్యని గడియారాన్ని బాగుచేశానని వాదించాడు. చివరికి తమ్ముడి ముఖంలోకి చూసి, "ఎవరు బాబూ మీరు, ఏం కావాలి?" అని మర్యాదగా అడిగాడు. ఆ మర్యాద మామయ్య గుండెలో ఇప్పటికీ ముల్లులా ఉంది. అన్నయ్య పోయినా ఆ ముల్లు పోలేదు.

మామయ్య రెండోసారి ట్రాన్స్‌ఫార్మర్ మార్చాడు. డయోడ్లూ కెపాసిటరూ మళ్ళీ మొదటి నుంచీ చూశాడు. ఏ తప్పూ కనబడలేదు. ఈసారి మాత్రం కొంచెం తెలివిగా, మూత లోపలివైపు మేకుతో ఒక అడ్డగీత గీశాడు. గొట్టాలు ఎర్రవి తొడిగాడు. మాడిన ట్రాన్స్‌ఫార్మర్‌ని గొడుగాయనకి ఇవ్వకుండా సొరుగులో పెట్టి తాళం వేశాడు. రేపు తనను తానే నమ్మకపోతే సాక్ష్యం ఉండాలి కదా.

ఆ పూట నుంచి అతనికి ప్రతి పనీ అనుమానమే. దుకాణం తాళం వేసి నాలుగు అడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. టీ తాగాక గ్లాసు చూసి, తాగింది తానేనా అని ఆలోచించేవాడు. ఎవరైనా, "మామయ్యా, నా రేడియో అయిందా?" అంటే, అయిందో లేదో తెలిసి కూడా లేచి వెళ్ళి చూసి వచ్చి చెప్పేవాడు. భార్య ఇదంతా చూస్తూనే ఉంది. ఏమీ అనలేదు. మిషను మాత్రం మామూలుకన్నా ఎక్కువ సేపు కుట్టేది.

అప్పుడు మూడోసారి వచ్చాడు గొడుగాయన.

ఈసారి ఆయన సంచి బల్ల మీద పెట్టి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. మామయ్య మరలు విప్పాడు. మూత తిప్పి లోపలివైపు చూశాడు.

గీత లేదు.

మూత కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి అటూ ఇటూ వంచి చూశాడు. బొటనవేలుతో తడిమాడు. నున్నగా ఉంది, మేకు అన్నది ఏనాడూ తాకినట్టు లేదు. పెట్టెలోకి తొంగి చూస్తే గొట్టాలు ఎర్రవి కావు, ఆకుపచ్చవి! తాను మొదటిసారి బిగించి, రెండోసారికి మాయమైపోయిన ఆ కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు మాడి, టేపు పొక్కి, లక్క కక్కి కూర్చుంది. టంకాలు అచ్చంగా తనవే.

సొరుగు తాళం తీశాడు. పాత మాడిన ట్రాన్స్‌ఫార్మర్ అందులో ఉంది. మూడోసారి వచ్చిన పెట్టెలో మొదటిసారి చేసిన పని ఉంది. రెండోసారి చేసిన పని ఎక్కడికి పోయింది? రోజులు వెనక్కి నడుస్తున్నాయా? మామయ్య బుర్ర గిర్రున తిరిగింది. బల్ల అంచు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

భార్య తెర తోసుకుని వచ్చింది. "ఏమయిందండీ? కరెంటు కొట్టిందా?"

"కొట్టినా బాగుండేది" అన్నాడు. గొడుగాయన ఉన్నాడని కూడా చూడలేదు. "నేను అన్నయ్యలా అయిపోతున్నానే. చేసింది చెయ్యలేదనిపిస్తోంది, చెయ్యనిది చేశాననిపిస్తోంది. ఈ పెట్టె చూడు. దీని మూతకి గీత గీశాను. నా చేత్తో గీశాను. లేదు!"

భార్య మూత తీసుకుని చూసింది, ట్రాన్స్‌ఫార్మర్ చూసింది, మొగుడిని చూసింది. చివరికి గొడుగాయన వైపు తిరిగింది. "బాబాయిగారూ, ఈ మనిషి మూడు రోజులుగా సరిగ్గా తినట్లేదు. మీకు ఏమైనా తెలిస్తే చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

గొడుగాయన కళ్ళు నేల మీద పడ్డాయి. "నేను మాట ఇచ్చానమ్మా" అన్నాడు చివరికి, ఏడుపు గొంతుతో. "ఇచ్చిన మాట ఎలా తప్పను? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నా బతుకు అలా ఉంది."

"ఎవరికిచ్చారు మాట?"

"అది చెబితే మాట తప్పినట్టే కదా!"

భార్య క్షణం ఆలోచించి, మొగుడి మీటరు తీసి అతని చేతిలో పెట్టింది. "లేవండి. పెట్టె ఇక్కడ బాగానే నడుస్తోంది, వాళ్ళింట్లోనే మాడుతోంది. అంటే చూడాల్సింది పెట్టెని కాదు, వాళ్ళిల్లు. బాబాయిగారు ఏమీ చెప్పక్కర్లేదు. దారి చూపిస్తే చాలు."

మామయ్య ఆ మాటకి తలెత్తాడు. ఇంత చిన్న సంగతి తనకి ఎందుకు తట్టలేదు? భయం పట్టిన బుర్రకి చెవులుండవు కాబోలు.

గొడుగాయనది మేడ ఇల్లు. కింద పెద్దకొడుకు కాపురం, పైన చిన్నకొడుకు కాపురం. కొడుకులిద్దరూ పొద్దున్నే పనికి పోతారు. పెద్దకోడలు తలుపు తీసింది. మీటరు పట్టుకున్న మనిషిని, వెనక సంచి పట్టుకున్న మామగారిని చూసి ఆమె ముఖం మాడిపోయింది.

"మామగారూ, ఇంటికి ఎందుకు తీసుకొచ్చారు? ఎవరికీ తెలియకూడదన్నానా!" అని గుసగుసలాడుతూ మెట్ల వైపు భయంగా చూసింది.

"నేనేమీ చెప్పలేదమ్మా. వాళ్ళే వచ్చారు."

"ఒక్కసారి ప్లగ్గు చూసి పోతామమ్మా" అంది మామయ్య భార్య.

ముందుగదిలో కీబోర్డు మీద దుప్పటి కప్పి, దాని మీద ఇస్త్రీబట్టలు పేర్చి ఉన్నాయి, ఎవరైనా చూస్తే అదొక బల్ల అనుకోవాలని. దుప్పటి కింద నుంచి చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్ తీగ వేలాడుతోంది. మామయ్య వంగి ప్లగ్గులో మీటరు మొనలు పెట్టాడు. ముల్లు చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. రెండువందల ముప్ఫై దగ్గర నిలబడాల్సిన ముల్లు మూడువందలకి దగ్గరగా ఊగుతోంది.

అప్పటి అతని పరిస్థితి ఎలా ఉందంటే, ముందు మీటరునే అనుమానించాడు, తర్వాత తన కళ్ళని. "నువ్వు చదువు" అని భార్యకి చూపించాడు. ఆమె చదివింది. అదే అంకె.

"ఈ గదిలో బల్బులు తరచూ పోతుంటాయా అమ్మా?"

"ఈమధ్య రోజుకొకటి పోతోంది. ఇప్పటి బల్బులన్నీ నాసిరకం. వంటగదిలో అయితే మాత్రం దీపం మరీ గుడ్డిగా ఉంటోంది, కూర మాడిందో లేదో కూడా కనబడదు."

ముందుగదిలో మరీ ఎక్కువ, వంటగదిలో మరీ తక్కువ. మామయ్యకి చీకట్లో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది. ఆ ఇంటికి కరెంటు మూడు లైన్లుగా వస్తుంది, తిరిగి పోవడానికి మాత్రం మూడింటికీ కలిపి ఒకటే తీగ. ఆ తిరుగుతీగ, న్యూట్రల్ అంటారే, అది వదులైతే ముగ్గురు అన్నదమ్ముల మధ్య పెద్దదిక్కు లేనట్టే. బలమున్న లైను లేనిదాని వాటా కూడా లాక్కుంటుంది. అంత వోల్టేజీ మీద పడితే ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యూజు పోయేంత గట్టిగా కరెంటు లాగదు, నిదానంగా లోపల్లోపలే ఉడికి చస్తుంది. తాను ఎక్కడెక్కడో వెతికిన దొంగ గోడలో ఉన్నాడు.

పెట్టె ఎందుకు మాడిందో తెలిసింది. కానీ గీత? ఎర్ర గొట్టాలు? అవేమయ్యాయి? నోరు తెరవబోతుండగా మెట్ల మీద దబదబా అడుగుల చప్పుడు వినిపించింది.

"మామగారూ! మామగారూ! మళ్ళీ పోయింది, పొగొస్తోంది!"

చిన్నకోడలు దిగింది. మెడలో హెడ్‌ఫోన్, చేతిలో చేతిగుడ్డతో పట్టుకున్న నల్లటి ఇనప పెట్టె. దాని సందుల్లోంచి సన్నటి పొగ. చివరి మెట్టు మీద తోడికోడలిని చూసి, కాలు గాల్లోనే ఉంచి ఆగిపోయింది.

సంచిలో ఒక పెట్టె. చేతిలో ఒక పెట్టె. ఇనుము అదే, రంగు అదే, మీద అంటించిన కాగితం అదే.

మామయ్య ఒక్క అంగలో వెళ్ళి ఆ వేడి పెట్టె అందుకుని, గచ్చు మీద పెట్టి, అక్కడే గొంతుకూర్చుని మరలు విప్పాడు. మూత తిప్పాడు. అడ్డగీత! మేకుతో, తన చేత్తో గీసిన గీత. లోపల ఎర్ర గొట్టాలు, కొంచెం కరిగి ఉన్నాయి. అతను ఆ మూతని గుండెకి ఆనించుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా నవ్వాడు. భార్య పక్కన కూలబడి అతని వీపు మీద చెయ్యి వేసింది. ఆమె నవ్వలేదు.

"ఇల్లు తగలబడబోతుంటే ఈయనకి నవ్వెందుకొస్తోంది?" అంది పెద్దకోడలు బిత్తరపోయి.

అసలు సంగతి తోడికోడళ్ళ మాటల్లో ముక్కలు ముక్కలుగా బయటపడింది. ఇద్దరూ ఒకప్పుడు ఆ ముందుగదిలోనే కలిసి వాయించేవాళ్ళు. ఒకే దుకాణంలో, ఒకే రోజు, ఒకలాంటి కీబోర్డులే కొనుక్కున్నారు. ఒకనాడు చుట్టాల ముందు కలిసి వాయిస్తుంటే పాట చెడింది. తప్పు నీదంటే నీదనుకున్నారు. మాటా మాటా పెరిగి, "ఈ జన్మలో కీబోర్డు ముట్టుకోను" అని పెద్దావిడ, "ముట్టుకుంటే నన్నడుగు" అని చిన్నావిడ శపథాలు పట్టారు. శపథం పట్టినంత తేలిగ్గా ఉండగలరా? చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కింద ఈమె, పైన ఆమె, ఒకరికి తెలియకుండా ఒకరు వాయించుకుంటున్నారు. పెట్టె చెడినప్పుడల్లా ఎవరికి వాళ్ళు గొడుగాయన దగ్గరికొచ్చి, తోడికోడలికి తెలియనివ్వనని మాట తీసుకున్నారు.

"నువ్వు ముట్టుకోనన్నావు కదా" అంది పెద్దకోడలు.

"నువ్వు మాత్రం? దాని మీద ఇస్త్రీబట్టలు పెట్టి మరీ!"

"నేను దుమ్ము దులపడానికి..."

"దుమ్ము దులపడానికి హెడ్‌ఫోన్లు ఎందుకక్కా?"

గొడుగాయన ఇద్దరి మధ్యా చేతులు చాచాడు. "తల్లీ, నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ సంగతి మాత్రం మీరిద్దరూ ఒప్పుకోవాలి." తర్వాత మామయ్య వైపు తిరిగి, "నీకు మతి పోతోందని ఇందాక నువ్వంటుంటే నా ప్రాణం ఉసూరుమందయ్యా. కానీ మాట..." అని ఆగిపోయాడు. మామయ్యకి ఆయన్ని తిట్టాలో, జాలిపడాలో తోచలేదు.

మెయిన్ స్విచ్ ఆపి, టెస్టరుతో రెండుసార్లు చూసుకుని, బోర్డు విప్పాడు. న్యూట్రల్ పట్టీ దగ్గర మర వదులై, తీగ మీది తొడుగు నల్లగా బొగ్గయి ఉంది. ఇంకొన్నాళ్ళు చూడకపోతే పెట్టెలతో పోయేది కాదు. కాలిన మేర కత్తిరించి, రాగి మెరిసేదాకా గీకి, మర బిగించాడు. ముందుగదికీ మేడ మీదికీ ఒకటే లైను. స్విచ్ వేశాక ముందుగదిలో ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడ నిలబడింది. వంటగదిలో దీపం వెలుగు చూసి పెద్దకోడలు, "అమ్మో, గోడలు ఇంత మురికిగా ఉన్నాయా!" అంది.

రెండు పెట్టెలూ ఒకే సంచిలో దుకాణానికి వచ్చాయి. మామయ్య వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ట్రాన్స్‌ఫార్మర్లు తీసి కొత్తవి వేశాడు. సీరిస్ బల్బు రెండుసార్లూ మినుకుమని ఊరుకుంది. గొడుగాయన వచ్చి, "ఏది ఎవరిదో నన్నడక్కయ్యా, వాళ్ళే తేల్చుకుంటారు" అని సంచి భుజాన వేసుకున్నాడు. ఇంట్లో ఇప్పుడు ఎలా ఉందని అడిగితే, "హెడ్‌ఫోన్లు తీసేశారు. పాటా వినబడుతోంది, పోట్లాటా వినబడుతోంది. ఏది ఏదో తెలియక చస్తున్నా" అన్నాడు. ముఖం మాత్రం తేలిగ్గా ఉంది.

ఆయన వెళ్ళాక మామయ్య తెర పక్కకి తోసి, భార్య మిషను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"నాకేమీ కాలేదు. విన్నావా? నా బుర్ర నిక్షేపంగా ఉంది. అవి రెండు పెట్టెలు."

"విన్నానండీ. ఇప్పటికి పదిసార్లు చెప్పారు."

"పదిసార్లు చెప్పానా?" అన్నాడు ఉలిక్కిపడి.

"అబ్బ, మాటవరసకి అన్నాను!" అని ఆమె మిషను ఆపింది. చేతిలోని చొక్కా మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "ఒక సంగతి చెబుతాను, కోప్పడకూడదు."

"చెప్పు."

"మీ చొక్కా కాలరు తిప్పి చూడండి."

మామయ్య మెడ దగ్గర తడిమాడు. లోపలివైపు వేలికి ఏదో గరుకుగా తగిలింది. చొక్కా విప్పి వెలుగులోకి పట్టుకున్నాడు. కాలరు లోపల, బయటికి కనబడకుండా, సన్నటి నీలం దారంతో అక్షరాలు కుట్టి ఉన్నాయి. తన పేరు, వీధి పేరు, ఇంటి నంబరు.

"అన్ని చొక్కాలకీ కుట్టాను" అంది భార్య నేల చూపులు చూస్తూ. "ఆ పెట్టె రెండోసారి వచ్చినప్పుడు మీరు నన్ను అడిగారే, మార్చానా అని. అప్పుడు మీ ముఖం సరిగ్గా మీ అన్నయ్య ముఖంలా ఉంది. ఎక్కడైనా దారి తప్పితే ఎవరో ఒకరు చదివి తీసుకొస్తారని..."

మామయ్య బనియనుతో కూర్చుని ఆ కుట్టు మీద వేలు నడిపించాడు. తనకి మతి పోయిందని తన పెళ్ళామే నమ్మినందుకు కోపం రావాలా? నమ్మి కూడా ఒక్క మాట అనకుండా, మధ్యాహ్నాలన్నీ తెర వెనక కూర్చుని తనని ఇంటికి చేర్చే దారి కుట్టినందుకు ఏం రావాలి? ఏదో వచ్చింది. దానికి పేరేమిటో అతనికి తెలియలేదు.

చూపు తప్పించుకోవడానికి ఆ అక్షరాలే మళ్ళీ చదివాడు. "ఇదేమిటి, ఇంటి నంబరు తప్పు కుట్టావు."

"తప్పేం కాదు. మన నంబరు నాకు తెలీదా?"

"అది పాత నంబరు. ఊళ్ళో ఇళ్ళ నంబర్లన్నీ మార్చి ఎన్నాళ్ళయింది!"

"అయితే కొత్తదెంత?"

మామయ్య నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. "నాకూ తెలీదే" అన్నాడు భయంగా. "మర్చిపోయానా, అసలు ఎప్పుడూ తెలీదా?"

"నాకూ తెలీదండీ" అంది ఆమె. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది ఆమే. ఆ నవ్వులో ఎన్నాళ్ళుగానో బిగబట్టుకున్న ఏడుపు కూడా కలిసి బయటికి వచ్చేసింది. మామయ్య ఏం చెయ్యాలో తెలియక, చేతిలో ఉన్న చొక్కాతోనే ఆమె కళ్ళు తుడిచాడు.

"విప్పేస్తాను, ఇవ్వండి" అని ఆమె చెయ్యి చాచింది.

"ముందు ఇంటికి పద" అన్నాడు అతను చొక్కా తొడుక్కుంటూ. "తలుపు మీద నంబరెంతో చూద్దాం. విప్పడమో, దిద్దడమో తర్వాత ఆలోచిద్దాం."